గుంటకు కాపలా

గంట మోగడం ఆలస్యం, మేస్త్రీ దాని వైరు పెరికేశాడు.

అంతటితో ఆగలేదు. కంప్యూటరు ముందు కూర్చున్న ముసలాయన కాలర్ పట్టుకున్నాడు.

పాత ఇనుము నలిపే కార్ఖానా అది. నలిపే గుంటలోకి పనివాడు దిగితే, అతని బ్యాడ్జీని బట్టి తెరమీది పెద్ద గడిలో చిన్న గడి ఒకటి చేరుతుంది. ఎక్కి వచ్చేస్తే పోతుంది. ఆ రాకపోకల్ని కనిపెట్టి గంట కొట్టే ‘లిజనర్’ అనే ప్రోగ్రాం రాస్తానని, యజమానిని బతిమాలి మరీ వచ్చాడట ముసలాయన.

పనివాళ్ళకి ఒకటే అనుమానం. ఎవడు ఎంతసేపు పని మానాడో పైకి చేరవేయడానికే ఈ గంట అని.

“మా కడుపు కొట్టడానికి దాపురించావా?” అన్నాడు మేస్త్రీ.

“కాదు బాబూ. గంట వద్దంటే మానెయ్. ఇంకొక్క లైను రాయనీ.”

పిడిగుద్దుకి పన్ను ఊడి కీబోర్డు మీద పడింది.

మేస్త్రీ తమ్ముడు అడ్డం వచ్చాడు. “నాన్న పోయింది ఆ గుంటలోనే కదన్నయ్యా. మీట నొక్కి, ముఖమైనా చూపకుండా పారిపోయినవాణ్ణి ఏమీ చెయ్యలేకపోయావు గానీ, ఈ ముసలాయన మీదా నీ ప్రతాపం?”

ఆ మాటతో మేస్త్రీకి ఒళ్ళు తెలియలేదు. ఇనుప కడ్డీ అందుకున్నాడు.

లైను పూర్తిచేసి ఆఖరి అక్షరం కొట్టేదాకా ముసలాయన తలకి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

కాళ్ళు పట్టి ఈడ్చుకెళ్ళి గేటు బయట పడేశారు. తమ్ముడొక్కడే బండి పిలిచి ఆసుపత్రికి పంపాడు.

పని మళ్ళీ మొదలైంది. మేస్త్రీ ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. ఎటూ చూడకుండా మీట నొక్కాడు.

పైనున్న ఇనుప పలక కదల్లేదు.

మళ్ళీ నొక్కాడు. కదల్లేదు. పోతూ పోతూ యంత్రాన్ని కూడా చెడగొట్టాడని తిట్టుకుంటూ గుంటలోకి తొంగిచూశాడు.

అడుగున ఇరుక్కున్న రేకుని లాగుతూ తమ్ముడు కనిపించాడు.

వాడు ఎక్కి వచ్చి, తెరమీద గడి పోయాక, నొక్కితే దిగింది పలక. రేకుని కాగితంలా అణిచేసింది.

మేస్త్రీ ఆసుపత్రికి పరిగెత్తేసరికే ముసలాయన ముఖం మీద దుప్పటి కప్పేశారు. పక్కన కూతురు కూర్చుని ఉంది.

తనెవరో చెప్పి, ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. “మా తమ్ముణ్ణి బతికించాడమ్మా. మాకేమవుతాడని ఇంత చేశాడు?”

ఆవిడ అతని చొక్కా మీది రక్తం వంక చాలాసేపు చూసింది.

“ఆ రోజు మీ నాన్న లోపల ఉన్నాడని చూసుకోకుండా మీట నొక్కింది ఈయనే.”