పెళ్లిపూట ఒక వెంట్రుక

మలీనా గుమ్మం దాటే వేళకి స్తోయ్చో గైదా మూగబోయింది.

రొదోపి కొండల్లో అది చిన్న సంగతి కాదు. పెళ్లికూతురు పుట్టింటి గడప దాటేది గైదా పాటతోనే. ఆ మేకతోలు తిత్తి వాద్యం మోగేదాకా పిల్ల లోపలే ఉండాలి. దారిలో పాట తెగితే కాపురమూ తెగుతుందంటారు.

స్తోయ్చో తిత్తిని చంకలో బిగించి మళ్లీ నొక్కాడు. గాలి బుస్సుమంది తప్ప పాట రాలేదు.

గొట్టం లాగి లోపలి పీక బయటికి తీశాడు. చిటికెనవేలంత బోలు పుల్ల అది. దాని మీద చెక్కిన సన్నటి నాలుక గాలికి అదిరితేనే పాట. పొద్దుటినుంచీ పట్టిన మంచుకి పుల్ల ఉబ్బి, నాలుక అతుక్కుపోయింది. ఉన్న ఇంకో పీకను కంగారులో కత్తిమొనతో ఎత్తబోయి చీల్చేశాడు.

వాకిట్లో పెళ్లికొడుకు వాళ్లు గుర్రాలు దిగలేదు. అందరికంటే ముందున్నది వాళ్ల నాయనమ్మ.

"తిత్తికే గొంతు లేని ఇంట్లో పిల్లకేం అదృష్టముంటుంది? వెనక్కి తిప్పండి" అందామె.

నలుగురూ బతిమాలితే, రకియా సారా జాడీ అందరి చేతుల్లో ఒక చుట్టు తిరిగేదాకా ఆగుతానంది. జాడీ మొదటి గుర్రం దగ్గర బయల్దేరింది.

గేటు పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నల్ల తలగుడ్డ కనుబొమల దాకా లాగి కట్టుకుంది. ఎవరి తరఫు మనిషో ఎవరికీ తెలియదు. రొట్టె ఇస్తే పుచ్చుకోలేదు. గుమ్మంకేసి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. జనం గుసగుసలు మొదలుపెట్టారు.

మలీనాను పెంచిన మేనత్త కేరాకు దూరపు చూపు ఆనదు. గుమ్మంలోంచే అరిచింది. "ఎవరే అది? పిలవని పేరంటానికొచ్చి గుడ్లప్పగించి చూస్తోంది. దాని దిష్టే ఇదంతా."

స్తోయ్చో పొరుగు కొండవాడు. ఈ ఊళ్లో వాయించడం ఇదే మొదలు. పీక మీద కోపం చూపించలేక ఆమె మీద చూపించాడు.

"నువ్వొచ్చి నిలబడ్డాకే దీని గొంతు పోయింది. అవతలికి పో తల్లీ."

ఆమె గోడవారకి జరిగింది గానీ పోలేదు.

పీక నాలుక కింద ఒక వెంట్రుక పెడితే అది లేస్తుంది. గైదా వాయించే వాళ్లంతా చేసే పనే. స్తోయ్చోది నున్నటి గుండు. గుర్రం తోకవెంట్రుక పెట్టి చూస్తే బాతు అరిచినట్టు అరిచింది. గుర్రాల మీదవాళ్లు నవ్వారు. పెళ్లికొడుకు మేనమామ తన మీసం పీక్కోమన్నాడు.

"సన్నటి పొడుగు వెంట్రుక ఒకటి ఇవ్వండమ్మా" అని స్తోయ్చో ఆడవాళ్లను అడిగాడు.

ఒక్కరూ కదల్లేదు. పెళ్లినాడు వెంట్రుక ఇస్తే ఇచ్చినదాని అదృష్టం దాంతోపాటే పోతుందని అక్కడ భయం. అప్పటిదాకా గొంతెత్తి పాడినవాళ్లే తలగుడ్డలు బిగించుకుని ఒకరి వెనక ఒకరు నక్కారు.

కిటికీలో మలీనా ముసుగు తొలగించింది. రాగిరంగు జడ బయటపడింది. ఆ ఊళ్లో అలాంటి జుట్టు ఆమె ఒక్కదానికే.

"నాది తీసుకో బాబాయ్" అంది.

కేరా ముసుగు మళ్లీ కిందికి లాగేసింది. "మీ అమ్మ నీకిచ్చిపోయింది ఈ జుట్టొక్కటే. దాన్నీ పంచిపెడతావా?"

పాలు మాన్పించకముందే బిడ్డను వదిలి వెళ్లిన మనిషి ఆ తల్లి. ఎందుకు వెళ్లిందో తలా ఒక రకంగా చెబుతారు. ఆ ఇంట్లో మాత్రం పేరెత్తరు. మలీనా తల వంచుకుంది.

జాడీ చివరి గుర్రం దాకా వచ్చేసింది. నాయనమ్మ కళ్లెం చేతికి చుట్టుకుంది. ఇవాళ ఈ పిల్ల పెళ్లి ఆగితే తన చేతుల మీద ఆగినట్టేనని స్తోయ్చోకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇదిగో."

నల్ల తలగుడ్డ ఆమె గోడవైపు తిరిగి, గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి, ఒక వెంట్రుక పీకి అతని అరచేతిలో పెట్టింది.

"నీ అదృష్టం పోతుందేమో" అన్నాడతను.

"ఉంటే ఆ పిల్ల వెంటే పోనీ. తొందరగా కట్టు."

దాని వంక చూసే తీరిక కూడా లేదతనికి. నాలుక కిందికి తోశాడు. కొస పళ్లతో కొరికాడు. దారం చుట్టి ఊదాడు. మందంగా పలికింది. దారాన్ని గోరంత జరిపి మళ్లీ ఊదాడు.

ఈసారి గైదా ఖంగుమని పలికింది. నాయనమ్మ కళ్లెం వదిలింది. తలుపులు తెరుచుకున్నాయి.

మలీనా గడప దాటింది. తల్లి పొయ్యాల్సిన నీళ్లు కేరా ఆమె కాళ్ల ముందు పోసింది. పోసి తలెత్తేసరికి గోడవార నల్ల తలగుడ్డ ఇంకా మసగ్గా కనిపించింది. దాన్ని బయటికి గెంటమంది. ఎవరో ఆమె భుజం పట్టుకుని గేటు అవతలికి నెట్టారు.

స్తోయ్చో అంతా చూస్తూనే ఉన్నాడు. వద్దనడానికి నోరు ఖాళీ లేదు. ఊదడం ఆపితే పాట తెగుతుంది. వాయించుకుంటూనే ఆమె పక్కనుంచి వెళ్లిపోయాడు.

కనుమ దాటి పెళ్లికొడుకు ఇల్లు చేరేదాకా పాట తెగలేదు. నాయనమ్మే స్వయంగా గిన్నె నింపి అతని చేతికిచ్చింది. అతను దాన్ని పక్కన పెట్టాడు. నల్ల తలగుడ్డ ఆమెను వెతికి, తప్పైపోయిందని ఒక్క మాట చెప్పాలనిపించింది. అడిగితే, అటునుంచి అటే లోయలోకి దిగిపోయిందని వెనక వచ్చినవాళ్లు చెప్పారు.

సాయంత్రానికి మంచు విడింది. స్తోయ్చో మెట్టు మీద కూర్చుని, పీక ఆరబెట్టడానికి దారం విప్పాడు. వెంట్రుక అతని తడి బొటనవేలికి అంటుకుని వచ్చింది.

ఎండకేసి ఎత్తి చూశాడు.

మొదలు దగ్గర కాస్త నెరిసింది గానీ, మిగతాదంతా మలీనా జడ రంగే.