గోరువెచ్చని సంచీ

"సంతకం పెట్టను. పెట్టనంటే పెట్టను."

ఆరో నంబరు మంచం మీద టైలరు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడు రోజులుగా ఇదే పాట.

మూత్రంలో రక్తం పడుతోందని వచ్చాడు. గొట్టం వేసి లోపలినుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. మూత్రాశయం పైపొరలో పుట్టిన గడ్డ అప్పటికే వేళ్లు కిందికి చాచి కండలోకి దిగిందని తేలింది. పైపొరలోనే ఉంటే గీకేసి ఇంటికి పంపేవారు. కండలోకి దిగింది కాబట్టి మూత్రాశయమే తీసెయ్యాలి. పేగులోంచి జానెడు ముక్క కోసి, దాంతో మూత్రానికి కొత్త దారి చేసి, పొట్ట మీద రంధ్రం పెట్టి, దానికి సంచీ తగిలించాలి. గురువారం ఆపరేషన్ థియేటరు ఖాళీగా ఉంది. గడ్డ మాత్రం ఎవరి సంతకం కోసమూ ఆగదు.

భార్య ఏడ్చింది. డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. లాభం లేకపోయింది. చివరికి సిస్టరు ఫోన్ తీసి సంచీ బాబాయ్‌ని పిలిచింది.

ఆ వార్డులో ఎవరు మొండికేసినా ఆయనకే కబురు వెళ్తుంది. ఒకప్పటి ఫ్యాక్టరీ యూనియన్ నాయకుడు. మైకు లేకుండా నాలుగు షెడ్లకు వినపడే గొంతు. అరగంటలో దిగాడు. దిగుతూనే సిస్టరు గదిలో దూరాడు.

"టీ ఇవ్వమ్మా. పాలొద్దు. పలచగా, గోరువెచ్చగా."

"నాకు కొత్తా బాబాయ్?" అంటూ సిస్టరు గ్లాసు అందించింది.

పది నిమిషాల తర్వాత ఆరో నంబరు పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏం మాస్టరూ, సమ్మె చేస్తున్నావంట? డిమాండ్లేంటి?"

"మీరెవరు?" టైలరు ఇటు తిరగలేదు.

"నేనూ సమ్మెలు చేసినవాణ్ణే. జీవితంలో పదిహేడు చేశా. గెలిచినవి రెండు. అందులో ఒకటి క్యాంటీన్‌లో ఫ్యాను కోసం. ఇటు చూడు."

చొక్కా ఎత్తాడు. కుడిపక్కన పొట్టకు అతికించిన సంచీ. అడుగున పసుపురంగు నీళ్లు.

టైలరు మెల్లగా ఇటు తిరిగాడు. చాలాసేపు చూశాడు.

"వాసన రాదూ?"

"నీ భయం అదేనా?"

"నేను కొలతలు తీసేవాణ్ణి బాబాయ్. ఛాతీ కొలవాలంటే మనిషిని కావిలించుకున్నట్టు నిలబడాలి. నా దగ్గర వాసనొస్తే ఎవడు నిలబడతాడు?"

"లే. నా కొలత తీసుకో."

టైలరు లేచాడు. టేపు లేదు. చేతులతోనే నడుం చుట్టి, ముక్కు దగ్గరపెట్టి పీల్చాడు.

"ఏమీ రావట్లేదే!" వేళ్లు సంచీకి తగిలాయి. "వెచ్చగా ఉంది."

"ఉండదూ మరి? బతికున్న మనిషిని!"

"కానీ ప్యాంటు తప్పు కుట్టారు. బెల్టు సరిగ్గా సంచీ మీదే నొక్కుతోంది. ఇన్నాళ్లూ చూసుకోలేదా?"

బాబాయ్ కాస్త తడబడ్డాడు. "నాకంత బుద్ధే ఉంటే ఇంకేం! నువ్వు కుడుదువులే. ఇదిగో, ఒక తంటా మాత్రం ఉంది. ఇందులో జిగురు పడుతుంటుంది. ఆ పేగు ముక్కకి ఉద్యోగం మారిందని తెలీదు పాపం. పాత అలవాటు కొద్దీ జిగురు చేస్తూనే ఉంటుంది. అచ్చం నాలాగే. యూనియన్‌వాళ్లు నన్ను దింపేసి ఐదేళ్లయింది. నినాదాలు ఆగాయా?"

టైలరు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

"డాక్టరు చెప్పగానే ఒప్పుకున్నారా మీరు?" టైలరు అడిగాడు.

"ఒప్పుకోవడమా? ఈ ఆసుపత్రి గేటు ముందే గంటసేపు ఉపన్యాసం దంచాను. కత్తి వ్యాపారం డౌన్ డౌన్ అన్నాను. క్యాన్సరంటే ఏంటో డాక్టరుకే పాఠం చెప్పాను. ఎవరు? నేను! ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి! పైగా జనం చప్పట్లు కొట్టారు. అదింకా కొంప ముంచింది. ఎవడో పొడి ఇచ్చాడు. రోజూ పొద్దున్నే ఈ చేత్తోనే తేనెలో కలిపాను. నాలుగు నెలలు. నా అంత గాడిద నాలుగు షెడ్లలోనూ లేడు."

"తర్వాత?"

బాబాయ్ చొక్కా దించుకుని ఒక్కో బొత్తామే పెట్టుకున్నాడు.

"తర్వాతేముంది? ఆ నాలుగు నెలలూ మళ్లీ రాలేదు. అప్పుడు మూసుకోవాల్సిన నోరు మూసుకోలేదు. అందుకే ఇప్పుడిలా మంచం మంచం తిరిగి వాగుతున్నా. నీకింకా గురువారం ఉంది మాస్టరూ."

వార్డులో ఎవరో దగ్గారు. టైలరు తన వేళ్లవైపు చూసుకున్నాడు. సంచీ వెచ్చదనం ఇంకా అంటుకునే ఉన్నట్టుంది.

"పెన్నివ్వవే," అన్నాడు భార్యతో.

సంతకం వంకరగా వచ్చింది. ఎలా వస్తేనేం, వచ్చింది. సిస్టరు కాగితం లాక్కుని, మనసు మార్చుకుంటాడేమోనన్నట్టు గబగబా ఫైల్లో పెట్టేసింది.

"ఇంటికెళ్లగానే మీ ప్యాంటు నేనే కుడతా బాబాయ్. నడుం రెండంగుళాలు పైకి," అన్నాడు టైలరు.

"లోపల ఒక జేబు కూడా పెట్టు. సొంత సంచీ ఉన్న మారాజుని!"

వార్డంతా నవ్వింది. బాబాయ్ అందరికీ చెయ్యి ఊపుతూ, ఎన్నికల్లో గెలిచినవాడిలా నడిచి, సిస్టరు గది వెనకున్న బాత్రూంలోకి వెళ్లాడు.

తలుపు వేసుకుని, సంచీ ఊడదీసి, అందులో చల్లారిన టీని సింకులో వంపి, గాటన్నదే లేని పొట్టను తుడుచుకుని, సంచీని దాని పాత కవరులో జాగ్రత్తగా పెట్టాడు. ఆపరేషన్ కోసమని అప్పుడు ముందే ఇచ్చిన ఆ కవరు మీద, ఆయన మాట విని సంతకం పెట్టకుండా చచ్చిపోయిన తమ్ముడి పేరుంది.