అవతలి మోడెమ్

“మీదేం పాడైంది?” కలం పట్టుకుని అడిగింది ఆఫ్కె.

“నాదేం పాడవలేదు,” అన్నాడు ముసలాయన.

“మరి ఫారంలో ఏం రాయను? పాడైన వస్తువుంటేనే నంబరు. నంబరుంటేనే పేరు, అడ్రసు.”

“రాయకండి. కాసేపు కూర్చుని పోతాను.”

ఇది నాలుగో శనివారం. ఒకప్పుడు చలికాలాల్లో కాలువలు గడ్డకట్టే ఫ్రీస్లాండ్‌లోని ఆ చిన్న ఊళ్లో, గ్రంథాలయం వెనక గదిలో, పాడైన సామాన్లను తెలిసినవాళ్లు ఉచితంగా బాగుచేసి పెడతారు. టోస్టర్లు, కుట్టుమిషన్లు, రేడియోలు వస్తాయి. చేతులూపుకుంటూ వచ్చేది ఈయనొక్కడే. ఒక కాఫీ తాగుతాడు, ఒక బిస్కెట్ తింటాడు, పాత కంప్యూటర్లు బాగుచేసే హిడ్డె బల్లకేసి చూస్తూ కూర్చుంటాడు.

“వచ్చారండీ మన కాఫీ అల్లుడుగారు,” అని గొణిగాడు హిడ్డె. ఆఫ్కె నవ్వాపుకుంది.

అప్పుడే వీబె వచ్చాడు. ఊరి కాలువ మీద మంచు మందం కొలిచే పని ఇరవై చలికాలాలు చేసినవాడు. చంకలో ఇటుకంత బరువున్న లాప్‌టాప్ ఉంది. ఏడో నంబరు తీసుకున్నాడు.

“ఇందులో నా అంకెలున్నాయి నాయనా. ఏ రోజు ఏ వంతెన కింద ఎన్ని సెంటీమీటర్లు గడ్డకట్టిందో, అన్నీ. ఇప్పుడు కాలువ గడ్డకట్టడమే మానేసింది. దాని మీద నడిచానంటే నా మనవలు నవ్వుతున్నారు. ఎలాగైనా అవి బయటికి తియ్యి.”

హిడ్డె తిరగేసి చూశాడు. స్క్రీన్ మీద పై రెండు వరుసలే వెలుగుతున్నాయి. ఫ్లాపీ పెట్టే చోటు విరిగింది. తీగలు తగిలించే చోట్లు తుప్పుపట్టాయి. డిస్కు విప్పి తీసినా ఇంకో కంప్యూటర్ చదవలేదు.

“ఒక్కటే దారి. లోపల మోడెమ్ పెట్టే గూడు బాగుంది. సరైన కార్డు దొరికితే ఇది ఫోన్ చేస్తుంది, ఈ బల్ల మీది కంప్యూటర్ ఎత్తుతుంది. మీ అంకెలు తీగ వెంట నడిచొచ్చేస్తాయి.”

“నేను చేసిందీ అదేగా! సాయంత్రం ఆరింటికి మీట నొక్కితే కీచుమని అరిచి అంకెలు పంపేది. పని మానేసినప్పుడు ఆ మోడెమ్ ఊడబీక్కుపోయారు.”

“ఎవరికి పంపేవారు?”

“ఎవరికేమిటి? పట్నం ఆఫీసులో ఇంకో మోడెమ్‌కి. ‘అందింది’ అని ఒక్క ముక్క తిప్పి కొట్టేది. ఆ ఆఫీసూ మూసేశారు. కాగితాలన్నీ పారేశామన్నారు.”

హిడ్డె బల్లకింది డబ్బా తీశాడు. ఐదు మోడెమ్ కార్డులు, ఐదూ ఆ గూట్లో పట్టేవే. చీటీలు ఊడిపోయాయి, ఏది దేనిదో తయారుచేసినవాడికే ఎరుక. నెట్‌లో వెతికాడు, భూతద్దం పెట్టాడు, చివరికి అన్నిట్లోకీ మెరుస్తున్నదాన్ని ఎంచాడు.

“అది కాదు బాబూ.” ముసలాయన లేచి వచ్చాడు. “అది దీని తర్వాత వచ్చిన మోడల్‌ది. పళ్లు కుదురుతాయి గానీ కరెంటు కుదరదు. ఫోను తీగ వచ్చే పక్కన చూడు. నల్లడబ్బాలు రెండుంటే తర్వాతది. ఒక్కటే ఉంటే దీనిది.”

“మీ నంబరెంత పెద్దాయనా?” అన్నాడు హిడ్డె.

“నంబరు లేదు. ఇలాంటివి నేను...”

“నంబరు లేనివాళ్లు కుర్చీలో కూర్చోవాలి. ఇక్కడ పద్ధతంటూ ఒకటుంది.”

ముసలాయన వీబె వైపు తిరిగాడు. “మీరు వీబె గారు కదూ? మీ అంకెలు...”

“అంకెల సంగతి తర్వాత. ముందు అతన్ని పని చేసుకోనివ్వండి,” అన్నాడు వీబె విసురుగా.

ముసలాయన కప్పు కడిగి బోర్లించి, కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు.

హిడ్డె మెరిసే కార్డు బిగించి మీట నొక్కాడు.

టప్‌మంది. కాలిన వాసన వచ్చింది. డిస్కు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఊడదీసి చూస్తే, కార్డు మీద నల్లడబ్బాలు రెండున్నాయి. హిడ్డె తలెత్తలేకపోయాడు. వీబె కళ్లు తుడుచుకున్నాడు.

ఆఫ్కె వీధిలోకి పరుగెత్తింది. ముసలాయన లేడు. పేరు రాసుకోలేదు, అడ్రసు అంతకన్నా లేదు. పద్ధతి ప్రకారం ఆయన ఆ గదికి రానేలేదు!

మరుసటి వారం కాఫీ పోసి ఉంచారు. రాలేదు. ఆపై వారమూ రాలేదు.

మూడో శనివారం ఒకావిడ బరువైన పెట్టె మోసుకొచ్చింది.

“మా నాన్న ఇక్కడికి వచ్చేవాడు. మంగళవారం పోయాడు. ఇవి వీబె గారి చేతికే ఇమ్మన్నాడు. పట్నం ఆఫీసులో పనిచేసేవాడు. మంచు కొలిచి అంకెలు పంపినవాళ్లు నలభైమంది. ఆఫీసు పారేసినవన్నీ ఏరి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ రోజుల నాటి లాప్‌టాప్ పట్టుకుని ఎవరో ఒకరు రాకపోతారా అని శనివారాలు మీ దగ్గర కూర్చునేవాడు.”

ఆఫ్కె ఫోన్ చేసింది. వీబె సైకిలెక్కి గబగబా వచ్చాడు.

పెట్టెలో ఇరవై నోటుపుస్తకాలు. వంతెన వంతెనకీ అంకెలు, పెన్సిల్‌తో. ప్రతి రోజు చివరా ఒకటే మాట: ‘అందింది. మనిషి క్షేమం.’

తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీ దగ్గర వీబె ఆగిపోయాడు. ఆ రోజు మంచు విరిగి నడుంలోతు నీళ్లలో పడ్డాడు. ఇంట్లో కూడా చెప్పలేదు.

‘ఆరున్నర, రాలేదు. ఏడున్నర, రాలేదు. కాపాడే పడవవాళ్లకి ఫోన్ చేశాను. ఎనిమిదింబావు, అందింది. మనిషి క్షేమం. ఇంటికి బయల్దేరాను.’

ఇరవై చలికాలాలు వీబె మోడెమ్ అనుకున్నది, తను ఒడ్డుకు చేరేదాకా ఇంటికి పోకుండా కాచుకుని కూర్చున్న ఆ ముసలాయనని.