స్పీకర్ ఫోన్

“నా గొంతు పట్టేసింది వైశాలిగారూ. ప్రశ్నలు రాసిస్తాను, మీరే అడిగెయ్యండి,” అన్నాడు రూబెన్ గుసగుసగా, చేతిలోని బయోడేటాను బల్ల మీద బోర్లా పెడుతూ.

“ఇందాకటిదాకా బానే ఉన్నారుగా! ఠీక్ హై, అడుగుతాలెండి,” అంటూ హెచ్చార్ వైశాలి స్పీకర్ ఫోన్ నొక్కింది.

2006 డిసెంబరు. గుర్గావ్‌లో ఓ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో వాళ్ళిద్దరూ. అవతల ఢిల్లీ కటవారియా సరాయ్‌లోని అద్దెగదిలో క్రాంతి. ఎంసీయే ఆఖరి సెమిస్టర్. శుక్రవారంలోగా ఇంటర్న్‌షిప్ లెటర్ కాలేజీలో ఇవ్వకపోతే అతనికి ఏడాది గంగలో కలిసినట్టే.

తెలుగువాడని తెలిసి వైశాలి ఇంగ్లీషు పక్కన పెట్టింది.

“కంగారు పడకండి.”

“ఆరు చోట్ల కాదన్నారు మేడమ్. శుక్రవారంలోగా లెటర్ కావాలి. ఇక మిగిలింది ఇదొక్కటే,” అన్నాడు క్రాంతి.

రూబెన్ చీటీ తోశాడు. వైశాలి చదివింది. “లింక్డ్ లిస్టులో లూప్ ఉందో లేదో ఎలా కనిపెడతారు?”

“రెండు పాయింటర్లు నడిపిస్తానండీ. ఒకటి ఒక్కో అడుగు, రెండోది రెండేసి. ఎక్కడో ఒకచోట కలిశాయంటే లూప్ ఉన్నట్టే.”

వైశాలి రూబెన్ వంక చూసింది. కరెక్టేనని తలూపి, అతను ఇంకా కష్టమైనది రాశాడు. ఆ తర్వాత మరోటి. కుర్రాడు ఒక్కదానికీ తడబడితే ఒట్టు! అంత చలిలోనూ రూబెన్ కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నాడు.

చివరగా వైశాలి ఫారంలోని ప్రశ్న అడిగింది. “మా కంపెనీలో మీకు తెలిసినవాళ్ళున్నారా?”

రూబెన్ పెన్ను ఆగిపోయింది.

“ఎవరూ లేరండీ,” అన్నాడు క్రాంతి.

ఫోన్ పెట్టగానే వైశాలి చప్పట్లు కొట్టింది. “అబ్బ, ఏం చెప్పాడండీ! లెటర్ ఇవాళే పంపించేస్తా.”

“వద్దు,” అన్నాడు రూబెన్ గట్టిగా.

“గొంతు వచ్చేసిందే! ఎందుకు వద్దు?”

“మాట్లాడింది ఆ క్రాంతి కాదు. తెలివైనవాణ్ణి ఎవణ్ణో ఫోన్ దగ్గర కూర్చోబెట్టాడు. ఇలాంటి మోసాలు నాకు బాగా తెలుసు.”

“అలా అయితే రేపు ఇక్కడికే పిలిచి, మీ ఎదురుగా కూర్చోబెట్టి అడుగుదాం.”

“అక్కర్లేదండీ!” రూబెన్ కుర్చీలోంచి లేచిపోయాడు. “దొంగవాళ్ళకి మళ్ళీ ఛాన్సు ఏమిటి? మన ఆఫీసు గడప తొక్కకూడదు. బ్లాక్‌లిస్టులో పెట్టెయ్యండి.”

వైశాలికి మనసొప్పలేదు. పాపం, శుక్రవారం అన్నాడు కదా! కానీ టెక్నికల్ మనిషి మాట కాదనడానికి ఆమెకు అధికారం లేదు. క్రాంతి పేరు పక్కన ‘మోసం’ అని టైపు చేసింది.

రెండేళ్ళ కిందట ఫోన్లో రూబెన్‌గా మాట్లాడి, అతనికి ఈ ఉద్యోగం తెచ్చిపెట్టింది క్రాంతే.