మలుపు దగ్గర ఉబ్బు

మలుపు దగ్గర రోడ్డు మాటిమాటికీ ఉబ్బుతోందని మళ్లీ వేయిస్తున్నారు. మిల్లింగ్ మిషన్ పాత తారును నాలుగంగుళాల మేర గీకేసి ముందుకు వెళ్లిపోయింది. వెనకాల రోలర్ మీద వస్తున్న నేను దిగి టార్చి వేశాను.

అడుగు పొర అరచేయంత మేర పైకి పొంగి ఉంది. ఎవరో కింది నుంచి నెట్టినట్టు నాలుగు వేళ్లు కనిపిస్తున్నాయి. చిటికెన వేలు లేదు.

మా అన్నకీ లేదు. వాడూ ఈ మేస్త్రీ దగ్గరే పనిచేసేవాడు. ఆరేళ్ల కిందట ఈ రోడ్డు వేసిన రాత్రే చెప్పాపెట్టకుండా ఎటో పోయాడని మేస్త్రీ మా అమ్మతో చెప్పాడు.

మేస్త్రీ వచ్చి చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"పోయినసారి నాలుగంగుళాలే వేశాం. ఈసారి ఆరు వేయండి," అన్నాడు తారు పరిచే కూలీలతో.

"మేస్త్రీ గారూ, ఇది..."

"లారీలో తారు చల్లారిపోతోంది. రోలరెక్కవయ్యా."

పిల్లలు గుర్తొచ్చారు. ఎక్కాను. కూలీలు పరిచాక, పొగలు కక్కే తారు మీద మూడుసార్లు తిప్పి, ఇంజను ఆపాను.

కింద ఎవరో తట్టారు. రెండుసార్లు, కాసేపాగి ఒకసారి. రాత్రిళ్లు ఆలస్యంగా వస్తే అన్న మా తలుపు అలాగే తట్టేవాడు.

మేస్త్రీకీ వినబడింది.

"ఇంకోసారి తిప్పు," అన్నాడు.

తిప్పాను.