చక్రాల దగ్గర ఎంత?

పాండు లోపలికి రాగానే పద్మిని కుర్చీలోంచి చటుక్కున లేచి నిలబడింది.

"కూర్చో, కూర్చో," అని నవ్వాడు ఓనర్ బ్రూస్. "ఇక్కడ అందరం పేర్లతోనే పిలుచుకుంటాం. ఇతను పాండు. నీ ఇంటర్వ్యూ చేసేది ఇతనే."

"నమస్తే సార్," అంది పద్మిని. చెప్పినా సరే, నోటికి సారే వచ్చింది.

"ఇండియాలో అందర్నీ సార్ అంటారు లే," అని బ్రూస్‌కి ఇంగ్లీషులో సర్దిచెప్పి పాండు కూర్చున్నాడు. అతను కూర్చున్నాకే ఆమె కూర్చుంది.

బ్రాంప్టన్‌లో కార్ల పవర్ కొలిచే చిన్న షాపు అది. కారుని రోలర్ల మీదికి ఎక్కించి, కదలకుండా బెల్టులతో కట్టేసి, యాక్సిలరేటర్ తొక్కుతారు. హార్స్‌పవర్ ఎంతో కంప్యూటర్ చెబుతుంది.

పద్మిని మూడు బస్సులు మారి వచ్చింది. ఇది పధ్నాలుగో ఇంటర్వ్యూ. ఆ ఏడాది ఊళ్ళో ఎటు చూసినా స్టూడెంట్లే. కాఫీ షాపులో కప్పులు కడిగే పనికి కూడా వీధి మలుపు దాకా క్యూ. కోర్సులో భాగంగా చేయాల్సిన కో-ఆప్ ఉద్యోగం ఆమెకింకా దొరకలేదు. శుక్రవారంలోగా దొరక్కపోతే టర్మ్ పోతుంది. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక ఆమెకి లేదు.

మొదటి పదమూడు చోట్లా అప్లికేషన్‌లో ఎం.టెక్. అని ఉన్నదున్నట్టు రాసింది. "ఇంత చదివినదానివి మా దగ్గర ఎన్నాళ్ళుంటావమ్మా?" అని అందరూ మర్యాదగానే సాగనంపారు. నిజం చెప్పీ చెప్పీ విసుగెత్తిపోయింది. ఈసారి ఇంటర్ అని రాసి పారేసింది.

పాండు ఆ కాగితం చదివాడు. నాలుగు లైన్ల కాగితాన్ని ఎవరూ అంతసేపు చదవరు. ఈ మనిషి బ్రూస్‌తో ఒక్క ముక్క అంటే చాలు, పధ్నాలుగోదీ పోయినట్టే.

"ఇంటర్ దాకానేనా?" తలెత్తకుండా అడిగాడు.

"అవును సార్," అంది. ఆమె కూడా తలెత్తలేదు.

అంతలో రోలర్ల దగ్గర గొడవ. అభిరామ్ అనే కస్టమరు, భారీ ఇంజిన్ ఉన్న ఎర్ర మజిల్ కారు పక్కన నిలబడి చేతులూపుతున్నాడు. అమ్మానాన్నలది కాకినాడే అయినా పుట్టింది ఇక్కడికి ఐదు గంటల దూరంలోని కనాటా అనే ఊళ్ళో. అతని తెలుగు 'నమస్తే అంకుల్' దగ్గరే ఆగిపోయింది.

"బ్రోషర్‌లో 485 హార్స్‌పవర్! మీ మెషీన్ 412 అంటోంది! దీని కోసమా ఐదు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను? కంపెనీ అయినా అబద్ధం చెప్పాలి, మీరైనా చెప్పాలి!"

బ్రూస్ పద్మిని వైపు తిరిగాడు. "ఇదే నీ ఇంటర్వ్యూ. అతన్ని నవ్వించి పంపు, ఉద్యోగం నీది."

పద్మిని పాండు వైపు చూసింది. చెప్పమన్నట్టు అలసటగా తలూపాడతను.

"ఎవరూ అబద్ధం చెప్పలేదు," అని మొదలుపెట్టింది. "బ్రోషర్‌లో అంకె ఇంజిన్‌ది. దాన్నొక్కదాన్నీ స్టాండు మీద పెట్టి కొలిచింది. మేం కొలిచేది చక్రాల దగ్గర. మధ్యలో గేర్‌బాక్సూ, షాఫ్టూ, టైర్లూ తలా కాస్త తినేస్తాయి."

అభిరామ్ మొహం విప్పారలేదు.

ఎం.టెక్.లో వాళ్ళ సార్ ఈ పాఠం నీళ్ళ బిందెతో చెప్పేవారు. కుళాయి దగ్గర అంచుదాకా నింపిన బిందె ఇంటికొచ్చేసరికి తరుగుతుంది, తక్కిన నీళ్ళేమయ్యాయో చీర కుచ్చెళ్ళని అడగండి అనేవారు. క్లాసంతా నవ్వేది. కానీ కనాటా కుర్రాడికి బిందె ఎలా చెప్పడం?

"కాఫీ కప్పు నిండా పోయించుకుని కారెక్కావనుకో. ఇంటికెళ్ళేసరికి కప్పులో ఎంత ఉంటుంది? మిగతాది ఎక్కడుంటుంది?"

అభిరామ్ తన చొక్కా మీది గోధుమరంగు మరక చూసుకున్నాడు. పకపకా నవ్వాడు.

"అయితే బ్రోషర్‌లో ఎప్పుడూ ఎక్కువే వేస్తారన్నమాట."

"ఎప్పుడూ కాదు," అన్నాడు పాండు. "మీ తాతల నాటి మజిల్ కార్లు కొన్నిటికి ఉన్నదానికన్నా తక్కువ వేసేవాళ్ళని చెప్పుకుంటారు. ఎక్కువ వేస్తే ఇన్సూరెన్స్ వాళ్ళు హడలిపోతారని." చేతిలో కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తక్కువ రాస్తే తప్ప దారివ్వని రోజులూ ఉంటాయి."

పద్మిని అతని జేబులోకి వెళ్ళిన ఆ కాగితం వైపే చూసింది.

అభిరామ్ వెళ్ళాక బ్రూస్ చప్పట్లు కొట్టాడు. "చూశావా? పనికీ చదువుకీ సంబంధం లేదంటే ఎవరూ నమ్మరు. మా పాండునే చూడు, హైస్కూలు కూడా దాటలేదు. మూడేళ్ళుగా షాపంతా అతని చేతుల మీదే నడుస్తోంది."

పాండు నేల చూపులు చూశాడు. పద్మిని అవునన్నట్టు బ్రూస్‌కి తలూపింది.

"ఏమంటావు పాండూ?"

"తీసుకుందాం. ఇంటరే అయినా నేర్చుకుంటుంది."

బ్రూస్ ఫారం తేవడానికి లోపలికి వెళ్ళాడు. పాండు అలమరలోంచి పనిలో రక్షణకి పెట్టుకునే కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, ఆమె చేతికిచ్చాడు. దగ్గరినుంచి చూస్తే మనిషి బాగా చిక్కిపోయాడు. పద్మిని రెండు చేతులతో అందుకుంది.

అప్పుడు మొదటిసారి తెలుగులో, ఆమెకి మాత్రమే వినబడేలా అడిగారు:

"క్లాసులో నేను చెప్పింది నీళ్ళ బిందె కదమ్మా పద్మినీ, కాఫీ కప్పుగా ఎప్పుడు మార్చావు?"