మునిగే కర్ర

"సంచి విప్పు!" అన్నాడు మేస్త్రి బావమరిది.

శిష్యుడు విప్పాడు. రెండు ఉలులు, ఒక సుత్తి, వాటికింద నల్లగా నిగనిగలాడుతూ కర్ర నునుపు చేసే చిత్రిక. దాన్ని చూడగానే వడ్రంగి కొట్టులో పనివాళ్ళంతా చేతులు ఆపేశారు.

అచ్చం అలాంటిదే నిన్నటిదాకా గాజుబీరువాలో ఉండేది; ఈ పొద్దున మాయమైంది. వచ్చినవాళ్ళకల్లా మేస్త్రి దాన్ని చూపించి, "నల్లచేవ! మా గురువుగారిచ్చిన దుంగలోంచి చెక్కాను. చెద ముట్టదు, ఎండకి పగలదు, నీళ్ళలో వేస్తే రాయిలా మునుగుతుంది" అనేవాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. కర్రల సంగతి తెలిసిన మనిషని ఆయనకు పేరొచ్చింది ఆ చిత్రికతోనే.

"ఇది నాది. తుమ్మకర్రకి నల్లరంగు పట్టించుకున్నాను," అన్నాడు శిష్యుడు.

"కోతలు కొయ్యకు! ఇద్దరు పిల్లల తండ్రివి, తిన్నింటి వాసాలు లెక్కపెడతావా? రేపటినుంచి నీకు ఏ కొట్టులో పని దొరుకుతుందో చూస్తాను."

మేస్త్రి ముఖం పాలిపోయింది. "వదిలెయ్యరా. పదేళ్ళుగా మన దగ్గరున్న మనిషి."

"ఈ జాలే నీ కొంప ముంచుతుంది బావా!"

శిష్యుడు తొణకలేదు. "బ్లేడు ఊడదీసి తొట్లో వెయ్యండి. నల్లచేవైతే మునుగుతుందిగా? మేస్త్రిగారు ఒప్పుకుంటేనే సుమండీ," అన్నాడు, మేస్త్రినే చూస్తూ.

మేస్త్రి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

బావమరిది ఆగే రకం కాదు. బ్లేడు ఊడగొట్టి, కర్రను నీళ్ళతొట్లోకి విసిరాడు. అది బుడుంగున మునిగింది.

"చూశారా!" అని అతను అరిచేలోపే కర్ర పైకొచ్చింది. నీళ్ళమీద అటూ ఇటూ ఊగుతూ తేలింది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బావమరిది తల దించుకున్నాడు. "తప్పయిపోయింది. మనసులో పెట్టుకోకు."

మేస్త్రి వంగి చిత్రికను తీశాడు. తడి పోయేదాకా తుడిచాడు, పోయాక కూడా తుడిచాడు. వెనకవైపు అరిగిన గుంటలో ఆయన బొటనవేలు కాసేపు ఆగింది.

"నాది మునిగే కర్ర. ఇది నీదే, తీసుకెళ్ళు," అని శిష్యుడి చేతిలో పెట్టాడు.

శిష్యుడు వంగి దండం పెట్టి, సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటాడు.

"పాపం, మంచివాణ్ణి అనుమానించాం," అన్నాడు బావమరిది. "మరి నీ చిత్రికను ఎవడు కొట్టేసినట్టు బావా?"

మేస్త్రి ఖాళీ గాజుబీరువా తలుపు మూశాడు.

ముప్పై ఏళ్ళ కిందట ఆ తుమ్మకర్రకు నల్లరంగు పట్టించింది ఆయనే.